ఊటీలో కాపురాలు ఉన్నాయి: బెంగళూరు తెలుగువాళ్ళకు ఒక టెంపో డ్రైవర్ బహిరంగ లేఖ

బెంగళూరులో ఉంటున్న తెలుగు అన్నలకు, అక్కలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

నేను మారతహళ్ళిలో టెంపో ట్రావెలర్ నడుపుతాను. మాది మదనపల్లె పక్కన ఒక పల్లె. ఈ ఊరొచ్చి పదహారేళ్ళయింది. మొదట వేరేవాళ్ళ బండి నడిపాను, తర్వాత అప్పు చేసి పన్నెండు సీట్ల బండి సొంతంగా కొనుక్కున్నాను. నా బండి ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది మీరే. వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగు కుటుంబాలు, ఒకే ఆఫీసులో పనిచేసే స్నేహితులు. శుక్రవారమో సోమవారమో సెలవు కలిసొచ్చిందంటే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. అడిగేది ఎక్కువగా ఊటీయే.

మీ ట్రిప్పులతోనే నా పిల్లలు చదువుకుంటున్నారు. అది మరిచిపోయి ఈ లేఖ రాయడం లేదు. ఊటీకి వెళ్ళొద్దని చెప్పడానికీ కాదు. మనం వెళ్ళే తీరు వల్ల ఆ ఊళ్ళో కాపురాలు చేసుకునేవాళ్ళకు, చిన్న చిన్న కొట్లు పెట్టుకుని బతికేవాళ్ళకు ఏమవుతోందో నేను దగ్గరగా చూశాను. చూసింది మీకు చెప్పకపోతే నాకు మనసొప్పడం లేదు.

ఊటీ బస్టాండు నుంచి పైకెక్కే ఒక రోడ్డులో ఒక అక్కకు టీకొట్టు ఉంది. పేరు రాయను, ఆమెకు ఇష్టం ఉండదు. వాళ్ళ పెద్దవాళ్ళు కోయంబత్తూరు వైపు నుంచి వచ్చి కొండ మీద స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగే. మన తెలుగులా ఉండదు, సగం అరవం కలిసి ఉంటుంది, కానీ కొండ మీద చలిలో "రా తమ్ముడూ, కూచో" అని వినబడితే సొంత ఊరికి వచ్చినట్టుంటుంది. కొట్టు వెడల్పు ఆరడుగులు ఉంటుందేమో. ముందు స్టవ్వు, పక్కన గాజు సీసాల్లో వర్కీలు అనే పొరల బిస్కెట్లు, బన్నులు, వెనక గోడకు ఆనించి రెండు బెంచీలు. పొద్దున్నే అయిదున్నరకు తెరుస్తుంది. ఆ వేళకు వచ్చేది టూరిస్టులు కాదు. మార్కెట్లో మూటలు మోసేవాళ్ళు, రోడ్లు ఊడ్చేవాళ్ళు, మొదటి బస్సు డ్రైవర్లు, కండక్టర్లు. గ్లాసు అందుకుని రెండు చేతుల మధ్య పెట్టుకుని, కాసేపు తాగకుండా అలాగే నిలబడతారు. వర్కీని చేత్తో విరిస్తే పొరలు పొరలుగా రాలిపోతుంది, టీలో ముంచి ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. అది కూడా నాకు ఆ అక్కే నేర్పింది.

కొన్నేళ్ళ కిందట ఒక మే నెల శనివారం. బయటి బండ్లు కొండెక్కాలంటే ముందే తీసుకోవాల్సిన ఈ-పాస్ అప్పటికి ఇంకా రాలేదు. మీలాంటి ఒక కుటుంబాన్నే తీసుకెళ్ళాను. ఊటీకి ముందు వచ్చే తలైకుందా నుంచి ఊళ్ళోకి చేరడానికే గంటన్నర పట్టింది. బొటానికల్ గార్డెన్ దగ్గర వాళ్ళను దించి, పార్కింగ్ కోసం చేరింగ్ క్రాస్ కూడలి వైపు తిరిగాను. దొరకలేదు. మళ్ళీ గార్డెన్ వైపు, మళ్ళీ చేరింగ్ క్రాస్. అలా మూడు చుట్లు తిరిగాను. సాయంత్రం అక్క కొట్టుకు వెళ్తే మూసి ఉంది. మర్నాడు పొద్దున చెప్పింది. ముందురోజు పదకొండింటికి వాళ్ళ మామగారికి ఆయాసం ఎక్కువైందట. ఆటో ఎక్కించారు. మామూలు రోజైతే పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉంటారు. ఆ రోజు యాభై నిమిషాలు పట్టింది. పెద్దాయన ఆటోలో నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంటే, అక్క దిగి ముందున్న కార్ల అద్దాలు తట్టుకుంటూ నడిచిందట. అద్దాలు దించినవాళ్ళు కూడా ఏం చేయగలరు, వాళ్ళ ముందూ కార్లే.

పెద్దాయన బతికారు. "ఆ టైముకు నువ్వు ఎక్కడున్నావు తమ్ముడూ?" అని మామూలుగానే అడిగింది అక్క. నన్ను తప్పుపట్టాలని అడగలేదు. ఆ రోడ్డులోనే ఉన్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు ఆ దారికి అడ్డంగా ఉన్న బండ్లలో నాదీ ఒకటి. ఖాళీ బండి. పార్కింగ్ వెతుక్కుంటూ తిరుగుతున్న ఖాళీ బండి.

2025లో ఊటీలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ప్రారంభమైంది. అంతకుముందు పెద్ద వైద్యం కావాలంటే ఘాట్ దిగి కోయంబత్తూరు పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆసుపత్రి వచ్చింది, సంతోషం. దానికి చేరే రోడ్లు మాత్రం అవే.

2011 లెక్కల ప్రకారం ఊటీ మున్సిపాలిటీ జనాభా 88,430. సీజన్‌లో ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు రోజుకు సుమారు 20,000 వాహనాలు వస్తున్నాయని మద్రాసు హైకోర్టు ముందు లెక్క పెట్టారు. నేను డ్రైవర్ని కాబట్టి ఈ అంకె నాకు రోడ్డులాగే కనబడుతుంది. ఆ కొండ మీద రోడ్లు వెడల్పు చేయడానికి ఒక పక్క లోయ, ఒక పక్క మట్టిగోడ. ఎక్కడని తవ్వుతారు? అందుకే కోర్టు 2024 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది, మే 7 నుంచి నీలగిరికి, కొడైకెనాల్‌కు ఈ-పాస్ వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి జూన్ వరకు రోజుకు ఇన్ని బండ్లే రావాలని లెక్క కూడా కట్టారు. నీలగిరికి మామూలు రోజుల్లో 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000. కొడైకెనాల్‌కు 4,000, 6,000. ప్రభుత్వ బస్సులకు, స్థానికుల బండ్లకు ఈ లెక్క వర్తించలేదు.

ఈ-పాస్ గురించి మీరు నా బండిలో మాట్లాడుకునేది నేను వింటూనే ఉంటాను. "టూరిస్టులంటే వీళ్ళకు లెక్కలేదు, మన డబ్బుతో బతుకుతూ మనకే అడ్డం పెడతారు" అని చాలామంది అన్నారు. ఆ మాట తప్పండీ. అడ్డం పెట్టింది కొట్లవాళ్ళు కాదు. కోర్టు పెట్టిన లెక్క మీద కొట్లవాళ్ళే ఎదురు తిరిగారు. 2025 ఏప్రిల్ 2న నీలగిరిలో వ్యాపారులు బంద్ చేశారు. ఆ రోజు అక్క కూడా కొట్టు తెరవలేదు.

నేను అడిగాను. "అక్కా, ట్రాఫిక్ వల్ల ఎక్కువ బాధపడింది నువ్వే కదా, బండ్లు తగ్గిస్తే నీకు మంచిదే కదా?" అని. అక్క చాలాసేపు ఏమీ అనలేదు. పాలు పొంగకుండా గరిటెతో కలుపుతూ ఉంది. తర్వాత అంది: "బండ్లు తగ్గాలి తమ్ముడూ. కానీ తగ్గేది నా కొట్టు ముందు ఆగే బండ్లే. పెద్ద రిసార్టులకు పోయేవి తగ్గవు."

ఇది నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. రిసార్టులో దిగేవాళ్ళు రెండు నెలల ముందే గది బుక్ చేసుకుంటారు, పాస్ కూడా ముందే తీసుకుంటారు. పొద్దున టిఫిన్ గది అద్దెలోనే ఉంటుంది. టీ, కాఫీ గదికే వస్తాయి. అలాంటివాళ్ళు ఎంతమంది కొండెక్కినా అక్కకు ఒక్క టీ అమ్ముడుపోదు. అక్కకు బేరం ఇచ్చేది చిన్న లాడ్జిలో దిగేవాళ్ళు, అప్పటికప్పుడు అనుకుని బయలుదేరేవాళ్ళు, బస్సులో వచ్చేవాళ్ళు. పాస్ దొరకదేమో అన్న భయంతో ట్రిప్ మానుకునేదీ వాళ్ళే. ఈ లెక్క పెట్టేటప్పుడు ఆరడుగుల కొట్టు ఉన్నవాళ్ళను, ఆటోవాళ్ళను, రోడ్డు పక్కన క్యారెట్ కట్టలు అమ్మేవాళ్ళను కూర్చోబెట్టి అడిగి ఉండాల్సింది. అయినా, నా మటుకు నాకు లెక్క ఉండాలనే అనిపిస్తుంది. ఆ ఆటోలో పెద్దాయనను తలుచుకుంటే లెక్క వద్దని నేను అనలేను.

ఇక మన చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను.

ముందుగా నా వృత్తిలోని ఒక విషయం చెప్పాలి. చెబితే నా తోటి డ్రైవర్లలో కొందరికి కోపం రావచ్చు. చాక్లెట్, తేయాకు, యూకలిప్టస్ నూనె కొనుక్కోవాలని మీరు అడిగినప్పుడు డ్రైవర్లు కొన్ని పెద్ద షాపుల ముందే బండి ఆపుతారు. అక్కడ బస్సు తిరిగేంత పార్కింగ్ ఉంటుంది. మీరు కొన్న బిల్లులో డ్రైవర్‌కు కమిషన్ ఉంటుంది. నేను కూడా చాలా ఏళ్ళు తీసుకున్నాను. ఆ కమిషన్ షాపువాళ్ళు తమ జేబులోంచి ఇవ్వరు, మీ రేటులోనే వేస్తారు. వెనక సందులో ఇంట్లోనే చాక్లెట్ చేసి అమ్ముకునే ఆడవాళ్ళు కమిషన్ ఇవ్వలేరు, వాళ్ళకు పార్కింగ్ లేదు. కాబట్టి బెంగళూరు బండ్లు వాళ్ళ వైపు పోనే పోవు. నేను మూడేళ్ళ నుంచి తీసుకోవడం మానేశాను. ఎందుకు మానేశానంటే, ఒకసారి అక్క అడిగింది, "ఇన్నేళ్ళుగా నా దగ్గర టీ తాగుతున్నావు, నీ బండిలో వచ్చినవాళ్ళను ఒక్కసారన్నా ఇటు తీసుకొచ్చావా?" అని. ఒక్కసారి కూడా తీసుకురాలేదు.

మీరు చేయాల్సింది చాలా చిన్నది. బుక్ చేసేటప్పుడే డ్రైవర్‌తో చెప్పండి, "కమిషన్ షాపులు వద్దు అన్నా, మీ బాటా సరిగ్గా ఇస్తాం" అని. బాటా అంటే డ్రైవర్‌కు ఇచ్చే రోజు ఖర్చు. బాటా మీద బేరమాడకండి. రాత్రి డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడో లాడ్జివాళ్ళను అడగండి. జనవరిలో ఊటీలో గడ్డి మీద మంచు పేరుకుపోతుంది, ఆ చలిలో చాలామంది డ్రైవర్లు బండి సీట్ల మీదే దుప్పటి కప్పుకుని పడుకుంటున్నారు. కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోయిన డ్రైవర్‌కు కమిషన్ మీద ఆశ కొంచెం తగ్గుతుంది. ఘాట్‌లో మీ ప్రాణాలకూ మంచిది.

రెండోది నీళ్ళు. 2024 మార్చి మీకు గుర్తుండే ఉంటుంది. బెంగళూరులో బోర్లు ఎండిపోయి, రోజుకు ఇన్ని గంటలే నీళ్ళు అని అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మెసేజ్‌లు వచ్చిన రోజులు. ట్యాంకర్ వస్తుందా రాదా అని ఎంత టెన్షన్ పడ్డారో నాకు మీరే చెప్పారు. తాగేనీళ్ళతో బండి కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఆ వేసవంతా నా బండిని తడిగుడ్డతో తుడుచుకోవడమే. ఆ మే నెలలో ఒక కుటుంబం నా బండి ఎక్కింది. ఊటీ లాడ్జిలో వాళ్ళ పిల్లలు వేడినీళ్ళ ధార కింద అరగంట ఆడుకున్నారని ఆ తల్లి సంతోషంగా చెప్పింది. పిల్లలను నేను ఏమీ అనను. నెలల తరబడి చెంబుతో లెక్కపెట్టి పోసుకున్న పిల్లలు వాళ్ళు. కానీ ఆ నీళ్ళు ఎక్కడివో ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

ఊటీకి నీళ్ళు ముఖ్యంగా పార్సన్స్ వ్యాలీ జలాశయం నుంచి వస్తాయి. వాన తగ్గితే అందులోనూ తగ్గుతాయి. సీజన్‌లో లాడ్జిలవాళ్ళు లారీ నీళ్ళు కొంటారు, ఆ ఖర్చు గది అద్దెలో కలుపుతారు. అక్క ఎక్కడ కలుపుతుంది? మే నెలలో వాళ్ళ వీధి కుళాయి రోజూ రాదు. కొట్టులో ఒక నీలం డ్రమ్ము ఉంది, అందులో ఉన్నదే ఆ రోజుకు. గ్లాసులు కడగడానికి మూడు చిన్న బక్కెట్లు వరుసగా పెడుతుంది. ఒకదానిలో ముంచి, రెండోదానిలో తోమి, మూడోదానిలో జాడిస్తుంది. మధ్యాహ్నానికి మొదటి బక్కెట్టు నీళ్ళు కొట్టు ముందు దుమ్ము మీద చల్లి, రెండోది మొదటిది అవుతుంది, మూడోది రెండోది అవుతుంది, డ్రమ్ములోంచి ఒక్క బక్కెట్టే కొత్తగా ముంచుతుంది. ఇది చూశాక నాకు లాడ్జిలో చేతులు కడుక్కునేటప్పుడు కూడా కుళాయి సన్నగానే తిప్పుకోవాలనిపిస్తుంది.

నీళ్ళ సీసాల సంగతి మీకు తెలుసు. నీలగిరిలో అయిదు లీటర్లకంటే చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలకు అనుమతి లేదు. బందీపూర్ అడవి దాటి, తమిళనాడు సరిహద్దులోని కక్కనల్లా చెక్‌పోస్ట్ దగ్గర బండి ఎక్కి వెతుకుతారు. నేను బయలుదేరే ముందే చెబుతాను, అయినా ప్రతి ట్రిప్పులోనూ సీటు కింద, పిల్లల బ్యాగులో, స్వెట్టర్లో చుట్టి దాస్తారు. దొరికితే అక్కడ గొడవ. దొరకకపోతే ఆ సీసా రెండు రోజుల తర్వాత పైకారా దగ్గరో, గూడలూరు దారిలోనో కిటికీలోంచి బయటికి పోతుంది. ఆ దారిలో ఏనుగులు తిరుగుతాయి. ఇంటి నుంచి స్టీలు సీసాలు తెచ్చుకోండి. దారిలో నీళ్ళు పట్టుకునే యంత్రాలు ఉన్నాయి, ఎక్కడ ఆపాలో నాకు తెలుసు.

పులిహోర, చపాతీలు కట్టుకుని రావడం తప్పు అని నేను అనను. మా అమ్మ తిరుపతికి వెళ్ళేటప్పుడు కూడా కట్టుకునే బయలుదేరుతుంది. దారి మధ్యలో తినడానికి అది మంచిదే. కానీ గ్యాస్ స్టవ్వు, కుక్కరు, బియ్యం, ఉప్పుతో సహా బెంగళూరు నుంచే తెచ్చుకుని, వ్యూపాయింట్ దగ్గర వండుకుని, పేపర్ ప్లేట్లు అక్కడే వదిలేసి, ఆ ఊళ్ళో ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా తిరిగొచ్చే గుంపులు కొన్ని ఉన్నాయి. ఆ ఊరికి మిగిలేది మన పొగ, మన చెత్త. ఒక్క పూటన్నా ఊళ్ళో చిన్న మెస్సులో తినండి. కేత్తి లోయలో పండిన క్యారెట్ ఆకులతో సహా కట్టగా అమ్ముతారు, పొద్దున తవ్వి కడిగి తెచ్చినది. మన సూపర్ మార్కెట్‌లో రేటు చూసి మారుమాట లేకుండా కొంటాం కదా, అక్కడ కూడా అలాగే కొనండి. తేయాకు కూడా అంతే. ఆ జిల్లాలో వేలమంది చిన్న రైతులు ఎకరం, రెండెకరాల్లో ఆకు పండించి ఫ్యాక్టరీలకు పోస్తారు, పచ్చి ఆకుకు గిట్టుబాటు ధర కోసం ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు.

ఊళ్ళోకి చేరాక నా బండిని లాడ్జి దగ్గరే వదిలేయనివ్వండి. గార్డెన్‌కు, లేక్‌కు, మార్కెట్‌కు ఆటోలో, టౌన్ బస్సులో వెళ్ళండి. కున్నూరుకు చిన్న రైలు ఉంది. కొండ కింద ఉన్న మేట్టుపాళయం నుంచి కున్నూరు వరకు 1899లో, ఊటీ వరకు 1908లో వచ్చిన రైలు అది, యునెస్కో గుర్తింపు ఉన్నది. మీ పిల్లలకు నా బండి కిటికీ కంటే అది బాగుంటుంది. కిలోమీటర్ల లెక్కలో నాకు కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. పన్నెండు మందికి ఒక బండి చాలు. నాలుగు కుటుంబాలు నాలుగు కార్లలో బయలుదేరొద్దు. ఇది నా బండికి బేరం కోసం చెబుతున్నానని అనుకుంటారేమో, బస్సులో వెళ్తే ఇంకా మంచిది. మైసూరు మీదుగా సర్కారు బస్సులు ఉన్నాయి, బస్సుకు పాస్ గొడవ కూడా లేదు.

ఇంకొక్క మాట. అందరూ ఒకేసారి రాకండి. పిల్లల స్కూళ్ళ సెలవులు ఏప్రిల్, మే నెలల్లోనే అని నాకు తెలుసు, నాకూ పిల్లలున్నారు. కానీ మీలో సగంమందికి ఇంట్లోంచే పని, చాలా ఇళ్ళలో ఇంకా పిల్లలు లేరు, ఉన్నా స్కూలు వయసు రాలేదు. మీరు ఫిబ్రవరిలోనో, సెప్టెంబర్‌లోనో ఒక మంగళవారం రండి. ఫిబ్రవరిలో ఒక మంగళవారం నేను అక్క కొట్టులో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. మూటలవాళ్ళు వెళ్ళాక మధ్యాహ్నం వరకు వచ్చింది ఎనిమిది మంది. మే నెలలో గ్లాసు కడగడానికి నీళ్ళు లేని కొట్టుకు ఫిబ్రవరిలో గ్లాసు పట్టుకునే మనిషి లేడు. మే నెల వడ్డీ కట్టడానికి, ఫిబ్రవరి అప్పు చేయడానికి అని అక్క అంటుంది.

వచ్చే నెల లాంగ్ వీకెండ్‌కు ఇప్పటికే ఏడుగురు ఫోన్ చేశారు. ఆ ఏడుగురికీ చెప్పిందే ఇక్కడ అందరికీ చెబుతున్నాను. వీలైతే తేదీ మార్చుకోండి, మామూలు రోజుల్లో వస్తే వెయ్యి రూపాయలు తగ్గిస్తాను. రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. పాస్ కోసం ఎంతమంది వస్తున్నారో, ఎక్కడ దిగుతున్నారో నాకు నాలుగు రోజుల ముందే పంపండి, బండి నంబరు నేను వేసి తీసుకుంటాను, దానికి డబ్బేమీ కట్టనక్కర్లేదు. బందీపూర్ గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు, పొద్దున ఆరింటికి తెరుస్తారు. కాబట్టి మనం సిల్క్‌బోర్డ్ నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరదాం. మధ్యాహ్నానికి ఊటీ చేరతాం. దిగగానే ముందు అక్క కొట్టుకు తీసుకెళ్తాను. బెంచీలు రెండే ఉన్నాయి, ఆరుగురు కూర్చుంటే మిగతావాళ్ళు నిలబడాలి.

ఇట్లు,
మీ బండి నడిపే తమ్ముడు,
మారతహళ్ళి, బెంగళూరు